తల్లి బ్రతికి ఉండగా బిడ్డను అనాథ అనకండి



రెండు వారాలుగా మన సంఘంలో ఒకటే మాట నడుస్తోంది. విదేశం నుంచి వస్తామన్న బృందాన్ని పాస్టరుగారు వద్దన్నారట, నోటికాడి కూడు కాలదన్నారట, మందిరానికి పడబోయే శ్లాబు పోగొట్టారట. అందులో కొంత నిజం, కొంత కాదు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ అడిగినవారికి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు గనుక కూర్చుని రాస్తున్నాం. ఓపికగా చివరి వరకు చదవండి. చదివాక కూడా మేము చేసింది తప్పనిపిస్తే ఇంటికి వచ్చి చెప్పండి, వింటాం.

జరిగింది ఇది. పన్నెండు మంది యౌవనస్థులు జనవరిలో పది రోజుల సేవాయాత్రకు మన ప్రాంతానికి రావాలనుకున్నారు. బీద పిల్లలకు సేవ చేయాలని వారి కోరిక. వారి మనసును మేము శంకించడం లేదు. సంవత్సరమంతా డబ్బు దాచుకుని, సెలవు పెట్టుకుని, ముఖం తెలియని పిల్లల కోసం సముద్రాలు దాటి వచ్చేవారిని తేలిగ్గా మాట్లాడకూడదు. అయితే వారికి ఇక్కడ ఏర్పాట్లు చూసే మధ్యవర్తి ఒకాయన మాకు ఫోను చేశాడు. "యాభై మంది అనాథ పిల్లలను చూపించండి అయ్యగారూ. రేకులు తీయించి శ్లాబు వేయించే పూచీ నాది" అన్నాడు. మన సంఘంలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలు ఇద్దరే. వాళ్ళు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆ మాటే చెప్పాం. ఆయన నవ్వి, "ఇద్దర్ని యాభై చేయడం మీకు తెలియని పనా?" అన్నాడు.

ఆ నవ్వుకు ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ పని మాకు తెలుసు. మేము చేశాం.

మేము చేసిన పాపము

కొన్నేళ్ళ క్రితం ఇలాగే ఒక బృందం వచ్చింది. మీలో చాలామందికి ఆ పందిరి, ఆ రంగుల లైట్లు గుర్తుండే ఉంటాయి. పిల్లలకు బడి మాన్పించి, తలలకు నూనె రాసి, వరసగా కూర్చోబెట్టాం. రెండు పాటలు నేర్పించి పాడించాం. తర్జుమా మేమే చేశాం. ఏడేళ్ళ బాబు ఒకడు ముందుకొచ్చి నిలబడ్డాడు. వీడెవరని బృందం నాయకుడు అడిగాడు. "ఆర్ఫన్" అన్నాం. ఒక్క మాట. వాడికి తండ్రి లేడు, అది నిజమే. వాడి తల్లి మాత్రం ఆ వేళ రొయ్యల షెడ్డులో కూలి పోగొట్టుకుని వచ్చి, ఆ పందిరి వెనకాలే, ఆ అతిథుల భోజనానికి వండిన గిన్నెలు తోముతోంది.

ఒక సహోదరి ఏడుస్తూ వచ్చి ఆ బాబును ఎత్తుకుంది. ఆమె కన్నీళ్ళు నిజమైనవే. ఫొటోలు తీశారు. పిల్లలందరికీ తలా ఒక బ్యాగు, నీళ్ళ సీసా, రెండు సబ్బులు, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత ఆ తల్లి మా వాకిట్లోకి వచ్చింది. గొడవకు రాలేదు. గడప అవతలే నిలబడి, "మా వాడు అడిగాడండి, ఆర్ఫన్ అంటే ఏంటమ్మా అని. నాకు తెలీక పక్కింటి ఇంటరు పిల్లని అడిగానండి. అమ్మానాన్నా ఇద్దరూ చచ్చిపోయినోళ్ళని చెప్పిందండి. నేనింకా బతికే ఉన్నాను కదండీ అయ్యగారూ?" అంది.

మా దగ్గర జవాబు లేదు. "సహాయం వస్తుందని అలా చెప్పామమ్మా" అన్నాం. తలూపి వెళ్ళిపోయింది. ఆ బ్యాగు జిప్పు వర్షాకాలం రాకముందే ఊడిపోయింది. ఆ మాట మాత్రం ఆ బాబు మనసులో నుంచి ఊడలేదు. ఇప్పుడు వాడు పెద్దవాడయ్యాడు. అందరి ముందు తనకు తల్లి లేదని చెప్పిన పాస్టరు ముఖంలోకి ఈరోజుకీ సూటిగా చూడడు. ఆమెను అడిగి, ఆమె సరేనన్న తర్వాతే ఇది రాస్తున్నాం. పేరు రాయం.

ఇతరుల తప్పుల గురించి రాయడానికి కూర్చోలేదని మీకు తెలియడానికే ఇదంతా ముందు చెప్పాం. ఈ వ్యాసంలో ఎవరినైనా కొడితే ఆ దెబ్బ ముందు మాకే తగులుతుంది.

వాక్యము కలిపినవారిని మనం విడదీశాం

సేవకు వచ్చేవారూ, వారిని పిలిచే మేమూ అందరం చెప్పుకునే వాక్యం యాకోబు పత్రిక 1:27. ఆ వచనం మరొకసారి తెరిచి చూడండి. దేవుని ఎదుట నిర్మలమైన భక్తి ఏమిటో చెబుతూ అపొస్తలుడు ఎవరిని పరామర్శించమన్నాడు? దిక్కులేని పిల్లలను మాత్రమే కాదు. వారి పక్కనే విధవరాండ్రను కూడా పెట్టాడు. వారి ఇబ్బందిలో వారిని పరామర్శించాలన్నాడు. వారిని మన పందిట్లోకి పిలిపించుకోవాలని చెప్పలేదు.

ఇది యాకోబు కొత్తగా కలిపిన జత కాదు. పాత నిబంధనలో మనం దిక్కులేనివాడు, తల్లిదండ్రులు లేనివాడు అని చదువుకునే చోట హీబ్రూలో యాతోమ్ అనే మాట ఉంది. ముఖ్యంగా తండ్రి లేని బిడ్డను ఉద్దేశించి వాడే మాట అది. నిర్గమకాండము 22:24లో విధవరాలిని, దిక్కులేనివాడిని బాధపెట్టేవారిని దేవుడు హెచ్చరిస్తూ, మీ భార్యలు విధవరాండ్రవుతారు, మీ పిల్లలు దిక్కులేనివారవుతారు అంటాడు. ఒకే ఇంట్లో తండ్రి చనిపోయాడు, తల్లి ఉంది, బిడ్డ ఉన్నాడు. కీర్తన 109:9లోనూ అదే ఇల్లు. విలాపవాక్యములు 5:3లోనూ అదే ఇల్లు. బైబిలులో దిక్కులేని బిడ్డ పక్కన చాలాసార్లు తల్లి నిలబడి ఉంది. విధవరాలు ఎవరంటే ఆ బిడ్డ తల్లే.

ద్వితీయోపదేశకాండము 24లో పొలంలో మరచిన పనను, ఒలీవ చెట్టున మిగిలిన పండును దేవుడు వీరికోసం విడిచిపెట్టమన్నాడు. పరదేశి, దిక్కులేనివాడు, విధవరాలు తమ ఊళ్ళోనే, తమ చేతులతోనే ఏరుకుని, తమ పొయ్యి మీద వండుకుని తినాలి. బిడ్డను ఒక షెడ్డులోకి, తల్లిని మరో షెడ్డులోకి పంపే ఏర్పాటు ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు.

అద్భుతాలు కూడా చూడండి. సారెపతులో ఏలీయా విధవరాలి కుమారుని బ్రతికించి ఏం చేశాడు? మేడ గదిలో నుంచి దింపుకొచ్చి తల్లికి అప్పగించాడు (1 రాజులు 17:23). షూనేములో ఎలీషా బిడ్డను బ్రతికించి తల్లిని పిలిచి, ఎత్తుకొమ్మన్నాడు (2 రాజులు 4:36). నాయీను ఊరి గవినియొద్ద మన ప్రభువు పాడె ముట్టి ఆ చిన్నవానిని లేపి, తన శిష్యుల్లో కలుపుకోలేదు, ఊరూరా తిప్పి సాక్ష్యం చెప్పించలేదు. అతనిని తల్లికి అప్పగించాడు (లూకా 7:15). మూడు చోట్లా అద్భుతం బిడ్డ తల్లి చేతుల్లోకి చేరడంతో ముగిసింది. మన సేవ తల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకోవడంతో మొదలవుతోంది.

ఫరో కుమార్తె సంగతి ఇంకా సిగ్గుపడేలా చేస్తుంది. ఆమె అన్యురాలు. నదిలో జమ్ముపెట్టెలో ఏడుస్తున్న బిడ్డను చూసి జాలిపడింది. బిడ్డ అక్క తెలివిగా తల్లినే దాదిగా తీసుకువస్తే, ఆ తల్లికే జీతమిచ్చి బిడ్డను పెంచమంది (నిర్గమ 2:9). తెలిసి చేసిందో తెలియక చేసిందో గాని, డబ్బు చేరవలసిన చేతికే చేరింది. రాజకుమార్తె ధనం, తల్లి ఒడి, ఆ రెండిటి మధ్య మోషే పెరిగాడు. ఈ రోజుల్లో ఆ బిడ్డే మన చేతికి దొరికితే ముందు ఫొటో తీసి, హాస్టలు కట్టి, తల్లి మిర్యామును వెంటబెట్టుకుని వస్తే గేటు బయట నిలబెట్టేవాళ్ళం.

పది రోజుల ప్రేమ

"పాస్టరుగారూ, పిల్లలు ఎంత సంతోషపడతారో చూశారుగా. వచ్చినవారి మెడలు వదలరు" అని ఒక సహోదరి అంది. చూశాం. చూసి ఆలోచించాం. మీ ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ముక్కూముఖం తెలియని మనిషిని చూడగానే పరుగెత్తి ఒళ్ళో కూర్చుంటుందా? తల్లి కొంగు వెనక దాక్కుంటుంది. అది ఆరోగ్యం. ఎవరు వచ్చినా అతుక్కుపోయే బిడ్డలో మనం సంతోషం అనుకునేది చాలాసార్లు ఆకలి. పదో రోజున ఆ సహోదరి వ్యాను ఎక్కుతుంది. మరుసటి ఏడాది మరో సహోదరి వస్తుంది, వ్యాను ఎక్కుతుంది. ప్రేమ అంటే వచ్చి, ఎత్తుకుని, ఫొటో దిగి, వెళ్ళిపోయేదని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. పరలోకపు తండ్రి ఎన్నడూ విడువడు అని మేము తర్వాత ఎన్ని ఆదివారాలు బోధిస్తే ఆ పాఠం చెరిగిపోతుంది?

ఇంకో మాట, ఎవరికి కోపం వచ్చినా చెప్పాలి. పట్నంలో మన పిల్లలు చదివే కాన్వెంటు గేటులోకి ఎవరో వచ్చి, పిల్లలను ఎత్తుకుంటాను, ఆడిస్తాను, ఫొటోలు తీసుకుంటాను అంటే వాచ్‌మన్ లోపలికి పోనిస్తాడా? మరి బీదపిల్లలుండే చోటికి మాత్రం ఎవరు, ఏమిటి అని అడగకుండా ఎందుకు రానిస్తున్నాం? వచ్చినవారు తెల్లగా ఉన్నారనా, చేతిలో బైబిలు ఉందనా? వచ్చేవారిలో ఎక్కువమంది మంచివారే. మందను చూసి తోడేలు కూడా గొర్రెచర్మం వేసుకుని వస్తుందని చెప్పింది మన ప్రభువే. గొర్రెల దొడ్డికి తలుపు ఉండాలి, ఆ తలుపు దగ్గర కాపరి ఉండాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అందులో ఏముందో తెలియని పాస్టర్లం మనలో ఇంకా చాలామందిమి ఉన్నాం. అతిథి మర్యాద పేరుతో దొడ్డి తలుపు తీసిపెట్టడం కాపరి పని కాదు.

దేశపు చట్టం కూడా ఈ విషయంలో వాక్యానికి దగ్గరగానే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం బిడ్డను సంరక్షణ గృహంలో పెట్టడాన్ని చిట్టచివరి మార్గంగా చూడమంటుంది. కుటుంబం ముందు, హాస్టలు చివర. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే గృహం ప్రభుత్వం దగ్గర నమోదు కాకపోతే నేరం. అలాంటి పిల్లల విచారణల సంగతి రాసేటప్పుడు వారి పేరు, ఫొటో, బడి బయటపెట్టకూడదని 74వ సెక్షను చెబుతుంది. అధికారి ముందుకు వచ్చిన బిడ్డకు చట్టం ఇచ్చిన ఆ మర్యాదను, మన పందిట్లోకి వచ్చిన బిడ్డకు మనమెందుకు ఇవ్వం? మన పిల్లల ముఖాలు, చిరిగిన చొక్కాలతో, ఎన్ని దేశాల గోడల మీద అంటించి ఉన్నాయో మేము లెక్కపెట్టలేదు.

ఇది మన ఊరి గొడవే అనుకోకండి. కంబోడియాలో 2005కూ 2010కీ మధ్య పిల్లల గృహాలు 75 శాతం పెరిగాయి. యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక అనాథలు ఎక్కడి నుంచి వచ్చారు? ఆ గృహాల్లో ఉన్న పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో ఉన్నారని తేలింది. చూడ్డానికి వచ్చేవారు పెరిగారు గనుక చూపించేవారు పెరిగారు. డబ్బు కోసం పిల్లలను ఇళ్ళనుంచి గృహాలకు తరలించడాన్ని మనుషుల అక్రమ రవాణాగా 2018లో ఆస్ట్రేలియా తన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంలో గుర్తించింది. మన మధ్యవర్తి నవ్వు వెనక ఉన్నది ఆ వ్యాపారమే. గిరాకీ వారిది, సరుకు మన పిల్లలు, మధ్యలో త్రాసు పట్టుకున్నది పాస్టరు.

"వారు రాకపోతే పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?"

ఇది న్యాయమైన ప్రశ్న. సంఘ పెద్ద ఒకాయన ఇదే అడిగాడు. భక్తి మాటలతో దాటేయకుండా లెక్కతోనే జవాబు చెబుతాం.

సముద్రం అవతల నుంచి రానూపోనూ టిక్కెట్టు ఒక్కరికి లక్ష రూపాయలే అనుకుందాం. పన్నెండు మందికి 12 లక్షలు. కుటుంబంలోనే ఉండి చదువుకునే బీద బిడ్డకు మిషన్ వాత్సల్య పథకం కింద ప్రభుత్వం ఇచ్చేది నెలకు 4,000, ఏడాదికి 48,000. ఆ లెక్కన టిక్కెట్ల డబ్బు 25 మంది పిల్లలను ఒక ఏడాదిపాటు తల్లి దగ్గరే ఉంచుతుంది. "వారు రాకుండా డబ్బు పంపుతారా అయ్యగారూ? మనిషి కళ్ళతో చూస్తేనే కదా చేయి జేబులోకి పోయేది" అన్నాడు ఆ పెద్ద. నిజమే. అందుకే రావద్దని మేము రాయలేదు. ఎలా రావాలో రాశాం. అది తర్వాత చెబుతాం.

ఆ 4,000 సంగతి మీలో ఎంతమందికి తెలుసు? భర్త చనిపోయిన, లేక విడిచిపెట్టిన తల్లి, పల్లెలో ఏడాది ఆదాయం 72,000 దాటకపోతే, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టవచ్చు. తల్లీ తండ్రీ లేక అమ్మమ్మ దగ్గర, బాబాయి దగ్గర ఉన్న పిల్లలకూ పెట్టవచ్చు. నిధులు పరిమితం, అందరికీ వెంటనే రాదు. మన సంఘం నుంచి తొమ్మిది మందికి పెట్టించాం. ఆధార్, ఆదాయ పత్రం, మరణ ధృవీకరణ పత్రం, బ్యాంకు ఖాతా పట్టుకుని మా ఇంటి అమ్మగారు ఆ తల్లులతో కలిసి ఎన్నిసార్లు బస్సు ఎక్కిందో ఆమెకే తెలుసు. నలుగురికి వచ్చింది. పందిరి లేదు, లైట్లు లేవు, తర్జుమా లేదు. నలుగురు పిల్లలు తల్లి పక్కనే పడుకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఏ బృందం రాకడ వల్లా ఇది జరగలేదు. దీన్ని ముందే చేయనందుకు ప్రభువు మమ్మల్ని క్షమించును గాక.

తెలుగు సంఘాల చరిత్రలో ఇలా చేసినవారు లేరా అంటే ఉన్నారు. 1866లో ఒంగోలు వచ్చి ఏళ్ళ తరబడి పనిచేసిన జాన్ క్లౌ దొరగారు. 1876లో మొదలైన కరువు నాటికి ఆయన ఇక్కడి మనిషైపోయాడు. జనం ఆకలితో చచ్చిపోతుంటే ఆయన పిల్లలను వేరుచేసి వరసలో కూర్చోబెట్టలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని తానే కాంట్రాక్టు తీసుకుని, తల్లులకూ తండ్రులకూ పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఆ కూలితో ఎవరి బిడ్డకు వారే అన్నం పెట్టుకున్నారు. ఇంకో సంగతి గమనించండి. కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం ప్రభువు పేరు చెప్పే అవసరం ఎవరికీ రాకూడదని. పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తమను మనుషులుగా చూసిన చేతిని వారు గుర్తుపట్టారు.

దీనికి ఎదురుగా మన పందిరి ఏడాదిలో జరిగింది చెబుతాం. ఆ బృందం మూడు రోజులు మందిరం గోడలకు రంగులు వేసింది. రంగులు వేసి బ్రతికే మన సహోదరుడు ఒకడు, ఇద్దరు పిల్లల తండ్రి, రోడ్డు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ వారం అతనికి పని లేదు. మూడో రోజు అతని పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చారు.

తలుపు వేసుకో అన్నాడు

2 రాజులు 4వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు ఈ వారం మీ ఇంటి ప్రార్థనలో చదవండి. అక్కడి విధవరాలు మా వంటివారి ఇంటిదే, ప్రవక్తల శిష్యుని భార్య. అప్పులవాడు వచ్చి ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోతానన్నాడు. అంటే పేదరికం పిల్లలను ఇంట్లోంచి లాగేసే ఘడియ అది. ఎలీషా ఏం చేశాడు? పిల్లలను నా దగ్గరికి పంపు, నేను పెంచుతానని అనలేదు. నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఇరుగుపొరుగువారి దగ్గర పాత్రలు తెమ్మన్నాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకోమన్నాడు.

ఆ తలుపు దగ్గర ఆగండి. అద్భుతం జరుగుతున్నప్పుడు ప్రవక్త ఆ గదిలో లేడు. చూసేవారు లేరు. తల్లి పోస్తోంది, కుమారులు పాత్రలు అందిస్తున్నారు. పనిచేసింది ఆ ఇంటివారి చేతులే. అప్పు తీరింది, మిగిలినదానితో బ్రతికారు, పిల్లలు తల్లి దగ్గరే ఉన్నారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాటకు ఎలీషా ఎన్నో తరాల ముందే తలుపు బిగించాడు. మనం చేసేదేమిటంటే ఆ తలుపు ఊడదీసి, అక్కడ కెమెరా నిలబెట్టి, విధవరాలిని పెరట్లో గిన్నెలు తోమడానికి పంపించి, ఆమె కుమారులతో పాట పాడించడం.

చివరిగా కొందరికి విడివిడిగా ఒక్కో మాట.

కువైట్‌లో, మస్కట్‌లో ఇంటిపని చేస్తూ ఇది చదువుతున్న తల్లులారా, మీ పిల్లలను హాస్టలులో అనాథల జాబితాలో రాశారేమో ఒకసారి కనుక్కోండి. మీరు పంపే ప్రతి దినారు మీ చెమట. మీరు బ్రతికి ఉన్నారు. మీ బిడ్డకు తల్లి ఉంది. వారానికి ఒక్కసారైనా బిడ్డతో మాట్లాడనివ్వని చోట బిడ్డను ఉంచకండి. ఏదైనా అనుమానం వస్తే ఇక్కడున్న మీవారి చేత 1098కి ఫోను చేయించండి, లేదా మాకు చెప్పండి.

తోటి సేవకులారా, మన రేకుల కష్టం మాకు తెలుసు. జీతం లేని నెలలు మాకూ ఉన్నాయి. అయినా బిడ్డ అబద్ధపు పేరు మీద వేసిన శ్లాబు కింద నిలబడి సత్యమును గూర్చి ప్రసంగించలేము.

సేవకు రావాలనుకునే ప్రియులారా, హైదరాబాదు నుంచైనా, అమెరికా నుంచైనా, రండి. రిటైరైన ఒక లెక్కల మాస్టారు వరసగా మూడు వేసవులు మన ఊళ్ళో గది అద్దెకు తీసుకుని, పదో తరగతి తప్పిన పిల్లలకు చింతచెట్టు కింద లెక్కలు చెప్పారు. ఆయన ఫొటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు. అలా రండి.

ఆ బృందానికి మధ్యవర్తిని దాటి మేమే నేరుగా ఉత్తరం రాశాం. రాసినవి ఐదు మాటలు. పిల్లలకు బడి మాన్పించం. తల్లో పెద్దవారో పక్కన లేకుండా ఏ బిడ్డనూ కలవనివ్వం. పిల్లల ముఖాలు ఫొటో తీయనివ్వం. తల్లి ఉన్న బిడ్డను అనాథ అని పరిచయం చేయం. ఇచ్చేది ఏదైనా లెక్క రాసి, చట్టం ఒప్పుకున్న దారిలో, తల్లి చేతికి చేరుస్తాం. కొరింథు సంఘపు కానుకను మోసేటప్పుడు పౌలు ఒక్కడే వెళ్ళక, సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకున్నాడు, ప్రభువు దృష్టికే గాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని. ఆ మాదిరే మాకు చాలు. ఈ ఐదిటికీ ఒప్పుకుంటే రండి, మా ఇంట్లో భోజనం చేయండి, ఇక్కడి తల్లులతో కూర్చోండి, రొయ్యల షెడ్డు బయట తెల్లవారుజామున ఆటో కోసం వారు ఎదురుచూసే చోట మీరూ నిలబడి చూడండి అని రాశాం. జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు.

కాబట్టి ఈ వర్షాకాలం కూడా మన మందిరం రేకుల మందిరమే. జోరువాన వస్తే ప్రసంగం వినబడదు. అప్పుడు ఆపి, వాన తగ్గేదాకా ప్రార్థనలో కూర్చుందాం. పోయిన ఆదివారం అలాగే ఆపాం. ఆడవారి వరుసలో ఆ తల్లి కూర్చుని ఉంది. ఎదిగిన కొడుకు మందిరం లోపలికి రాలేదు గాని, గుమ్మం దగ్గర చూరు కింద తడుస్తూ, ఆమె గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాడు లోపలికి వచ్చే రోజు కోసం మేము ప్రార్థిస్తున్నాం. మీరూ ప్రార్థించండి.

దిక్కులేనివారికి తండ్రియు, విధవరాండ్రకు న్యాయకర్తయునైన దేవా, బిడ్డల పేరున మేము చెప్పిన అబద్ధములను క్షమించుము. నీవు జతపరచిన తల్లీబిడ్డలను మా సేవ పేరట వేరుచేయకుండ మమ్మును కాపాడుము. దూరమునుండి వచ్చువారికి మంచి మనస్సుతో పాటు వివేకమును, మాకు లేమిలోను సత్యమును పలుకు ధైర్యమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

క్రీస్తు సేవలో,
మీ కాపరి